సింగపూర్‌లో మధ్యాహ్నం నీడ

నల్గొండ,
18 మే 2024

అజీజాకు,

క్షేమం అని మొదలుపెట్టడం మనకు అలవాటు. ఈసారి ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. నువ్వు సింగపూర్‌కు రావడం లేదని మీ ఫైసల్ మా మనుమరాలు పూజ ఫోన్‌కు ఒక్క ముక్క మెసేజ్ పెట్టాడు. కారణం మోకాళ్ల నొప్పులట. నాకు నువ్వు చెప్పలేదు. నీ కొడుకు నా మనుమరాలికి చెప్పాడు.

మహబూబ్‌నగర్ ట్రైనింగ్ హాస్టల్‌లో నీ మంచం మీద అట్లాసు పరుచుకుని కూర్చున్నాం, గుర్తుందా? మలయా కొస మీద ఒక ఎర్రచుక్క. నువ్వు పళ్లు తోముకునే వేపపుల్లతో దాన్ని చూపించి, "భద్రా, నౌకరీ దొరికినంక మనిద్దరం గీడికి పోదాం" అన్నావు. నౌకరీలు దొరికాయి. నేను సోషల్ టీచర్‌గా, నువ్వు సైన్స్ టీచర్‌గా రిటైర్ కూడా అయ్యాం. ఆ ఎర్రచుక్కను తరగతి తరగతికీ చూపించాను తప్ప నేను చూడలేదు. ఇప్పుడు రిటైర్డ్ టీచర్ల సంఘం తరఫున కమలాకర్ సార్ అందరినీ తీసుకుపోతుంటే, పాస్‌పోర్టు చేతికి వచ్చాక, వీసా కూడా అయ్యాక నువ్వు రానంటున్నావు.

ఎన్నోసార్లు ఫోన్ చేశాను. మోగుతుంది, నువ్వు ఎత్తవు. మీ మనుమరాలు ఉజ్మా ఎత్తితే "దాదీ నమాజు చేస్తాంది", "దాదీ పిల్లలకు చదువు చెప్తాంది" అంటుంది. అందుకే ఈ ఉత్తరం.

నేను ఏ మాటైనా ఒకసారే చెబుతానని, ఒకసారే అడుగుతానని నీకు తెలుసు. అడుగుతున్నాను. ఎందుకు రావు? ఉన్నది ఉన్నట్టు రాయి.

భద్రమ్మ

●

ఆత్మకూర్,
27 మే 2024

భద్రా, ఆదాబ్.

నీ ఉత్తరం చదువుతుంటే హెడ్‌మాస్టర్ గదిలో నిలబడ్డట్టే ఉంది. పైగా కవరు మీద ఇంకా మహబూబ్‌నగర్ జిల్లా అనే రాస్తున్నావు. మాది వనపర్తి జిల్లా అయి ఏండ్లు గడిచాయి. నీ కోపం ఆ ఊరంతా తిరిగి ఇక్కడికి వచ్చేసరికి కొంచెం చల్లారింది. మంచిదే అయింది.

మోకాళ్ల నొప్పులు నిజం. మెట్లు ఎక్కితే కళ్లు తిరుగుతాయి. అక్కడ అంతా నడకే అంటారు. నా కోసం నలుగురు ఆగడం, వెనక్కి చూడడం నాకు ఇష్టం లేదు. పదో తరగతి ఆడపిల్లలకు సాయంత్రాలు సైన్స్ చెబుతున్నాను కదా, బడులు తెరిచే ముందు వాళ్లను వదిలిపెట్టడం కూడా బాగుండదు.

నువ్వు పోయి రా. నా కళ్లు కూడా నువ్వే తీసుకుపో. చూసింది చూసినట్టు, ఒక్క పూట కూడా విడిచిపెట్టకుండా రాయి. నువ్వు రాస్తే నేను పోయినట్టే. మరి ఆ ఎండలో పెద్ద అంచు పట్టుచీరలు కట్టకు. నీళ్లు తాగు. కమలాకర్ సార్ ఈల ఊదితే ఊదనియ్యి, ఆయనతో కొట్లాడకు.

అజీజా

●

నల్గొండ,
4 జూన్ 2024

అజీజాకు,

నీ ఉత్తరం అందింది. జవాబు అందలేదు.

నిన్న ఉజ్మాను అడిగాను, నీ మోకాళ్లు ఎట్లున్నాయని. ఆ పిల్లకు అబద్ధం రాదు. "దాదీ రోజూ పొద్దుగాల జూరాల కాలువ దాక నడిచొస్తది, నేనే ఎనకవడ్త" అంది. కాలువ గట్టు మీద లేని నొప్పి సింగపూర్ అనగానే ఎక్కడి నుంచి వచ్చింది?

నాకు కాలు నిలవడం లేదు. పెట్టె సర్దడం, మళ్లీ తీయడం. నీ కోసం కుట్టించిన గుడ్డ టోపీ, నా టోపీ పక్కపక్కన పెట్టి ఉన్నాయి. నీది తీసి బీరువాలో పెట్టాను. మళ్లీ తెచ్చి పెట్టెలో వేశాను. ఎందుకు వేశానో నాకే తెలియదు.

ఇంకో సంగతి. మన బడి ఎక్స్‌కర్షన్ల కోసం నేను పెట్టిన జోడీ పద్ధతినే కమలాకర్ సార్ ఇప్పుడూ పెట్టాడు. ప్రతి మనిషికీ ఒక జోడీ. పేరు పిలిస్తే ఎవరికి వారు పలకకూడదు, జోడీలో రెండోవారు పక్కకు చూసి "హాజర్" అనాలి. మన ఇద్దరి పేర్లు ఒక జోడీగా రాసి ఉండె. నీ పేరు కొట్టేసి నన్ను బాలస్వామి సార్, ఆయన భార్య నర్సింగమ్మ జోడీకి తగిలించాడు. ముగ్గురి జోడీ ఏమిటని అడిగితే, "ఏం జేద్దాం మేడం, అజీజా మేడం చెయ్యిచ్చె" అన్నాడు. పదిమందిలో ఆ మాట పడ్డాను.

నాతో రావడం ఇష్టం లేకపోతే ఆ మాటే రాయి. తట్టుకుంటాను. సాకులు మాత్రం తట్టుకోలేను. నేను తిరిగి వచ్చేనాటికి కూడా నిజం రాకపోతే, ఇక మన మధ్య ఉత్తరాలు అక్కర లేదు.

భద్రమ్మ

●

సింగపూర్,
14 జూన్ 2024

అజీజాకు,

కోపం కోపమే, మాట మాటే. చూసింది చూసినట్టు రాయమన్నావు కనుక రాస్తున్నాను.

మొదటి రోజు. విమానం దిగి బయటికి వచ్చేదాకా విమానాశ్రయమో తోటో తెలియలేదు. ఊరంతా కడిగి ఆరబెట్టినట్టుంది. రోడ్డు మీద ఇన్ని బండ్లున్నా ఒక్కడూ హారన్ కొట్టడు. నల్గొండ క్లాక్ టవర్ దగ్గర పుట్టి పెరిగిన చెవులకు ఆ నిశ్శబ్దం మొదట భయం పుట్టించింది. నీళ్లు చిమ్మే సింహం బొమ్మ దగ్గరికి తీసుకుపోయారు. తల సింహానిది, ఒళ్లు చేపది. నర్సింగమ్మ చాలాసేపు చూసి, "గిది సింహమా, చాపనా? ఏదన్న ఒకటి గావద్దా?" అంది. బాలస్వామి సార్ "నువ్వు నాకు పెండ్లామా, హెడ్‌మాస్టరా? గట్లనే గిది" అన్నాడు. ఆమె సాయంత్రం దాకా ఆయనకు సకినాల డబ్బా ఇవ్వలేదు.

రెండో రోజు. మూడు మేడల మీద ఓడను ఎత్తి పెట్టినట్టు ఒక భవనం. దాని వెనుక ఇనుప చెట్లు, వాటికి నిజం తీగలు. గాజు గుమ్మటం లోపల ఒక కొండ, కొండ మీది నుంచి జలపాతం, లోపలంతా శ్రీశైలం ఘాట్ రోడ్డు మీద పొద్దుటి పూట ఉన్నంత చల్లన. మనుషులు కట్టిన కొండ అని తెలిసినా తల ఎత్తి చూస్తూ నిలబడ్డాను. కమలాకర్ సార్ అందరినీ పోగు చేయడానికి ఈల ఊదాడు. యూనిఫారం వేసుకున్న పిల్ల ఒకతె వచ్చి నవ్వుతూనే చెయ్యి చాపింది. సార్ ఈల జేబులో పెట్టుకున్నాడు. అప్పటి నుంచి ఆయన చప్పట్లు కొడుతున్నాడు.

మూడో రోజు పొద్దున లిటిల్ ఇండియా చూశాం. పూలకొట్లు, అరటి ఆకులో భోజనం. సాంబారు బాగుంది. రాత్రి తొందరగా పడుకున్నాను.

నాలుగో రోజు, అంటే ఈ రోజు, సముద్రం మీద తీగకు వేలాడే డబ్బాలో సెంటోసా అనే దీవికి పోయి వచ్చాం. కింద ఓడలు మన పిల్లలు నీళ్లలో వదిలే కాగితం పడవల్లా ఉన్నాయి. రేపు తిరుగు ప్రయాణం.

నీ టోపీ పెట్టెలోనే ఉంది.

భద్రమ్మ

●

ఆత్మకూర్,
29 జూన్ 2024

భద్రా, ఆదాబ్.

సింగపూర్ బిళ్ల అంటించిన కవరు తెచ్చి పోస్ట్‌మ్యాన్ మా గల్లీ అంతా చూపించాడు. ట్యూషన్ పిల్లలకు నీ ఉత్తరం చదివి వినిపించాను. సింహం చేప దగ్గర అందరూ పడి పడి నవ్వారు.

వాళ్లు పోయాక మళ్లీ చదివాను. భద్రా, మూడో రోజు మధ్యాహ్నం ఏమైంది?

మొదటి రోజు రెండు పేరాలకు సరిపడా చెప్పావు. రెండో రోజు ఈల సంగతి కూడా విడిచిపెట్టలేదు. మూడో రోజు సాంబారు దగ్గర ఆగి, ఒక్క దూకుతో పడక మీదికి పోయావు. భోజనానికీ పడకకూ మధ్య ఒక పూట లేదు. పిల్లల కాపీ పుస్తకంలో ఒక పేజీ చింపితే కుట్టు చూసి పట్టేసేదానివి నువ్వు. అట్లాంటి నువ్వు ఒక పూట చింపావు. ఆ పేరాలో నీ అక్షరం కూడా పక్కకు వాలింది.

ఒంట్లో బాగుండలేదా? ఎవరన్నా ఏమన్నా అన్నారా? రెండు రోజులుగా ఇదే ఫికర్. వంటింట్లోకి పోతాను, ఎందుకు పోయానో మరిచి వస్తాను. నా మీద కోపం ఉండనియ్యి. ఆ పూట సంగతి మాత్రం రాయి.

అజీజా

●

నల్గొండ,
6 జూలై 2024

అజీజాకు,

పట్టుకున్నావు. పూజకు కూడా చెప్పని సంగతి రాస్తున్నాను.

భోజనాలయ్యాక గైడు, కొట్లు చూసుకుని రెండు గంటలకు బస్సు దగ్గరికి రమ్మన్నాడు. వీధికి ఉత్తరాన ఉన్న పెద్ద రోడ్డు మీద బస్సు ఉంటుందన్నాడు. నేను పూలకొట్టు దగ్గర ఆగాను. తల తిప్పేసరికి నర్సింగమ్మ లేదు. నాకేం భయం? పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి దిక్కులు చెప్పి బతికినదాన్ని. నడినెత్తిన ఎండ. కాళ్ల ముందు నా నీడ చూసుకున్నాను. మధ్యాహ్నం నీడ ఉత్తరానికి పడుతుంది. నీడ చూపిన వైపు నడిచాను.

ఎంత నడిచినా బస్సు లేదు. ఆ దిక్కు తప్పని ఒక్కసారి కూడా అనుమానం రాలేదు. రోడ్డే తప్పు, బస్సే తప్పు, గైడే తప్పు అనుకుంటూ ఇంకా వేగంగా నడిచాను. కొట్ల మీద రాతలు మారిపోయాయి. మనవాళ్ల ముఖాలు కనబడడం ఆగిపోయింది. అప్పుడు ఒక ముసలామెను అడిగాను. ఆమె ఇంగ్లిష్‌లోనే ఏదో చెప్పింది. ఆ యాసలో నాకు ఒక్క మాట అర్థం కాలేదు. అజీజా, నేను ఏం చేశానో తెలుసా? తల ఊపాను. నవ్వి "యెస్, యెస్" అన్నాను. ఆమె చూపించిన వైపు పోయాను.

తరువాత ఒక కుర్రవాడు నా చీర చూసి ఆగాడు. ఏదో అడిగాడు. మళ్లీ తల ఊపాను. పాపం ఎంత మర్యాదగా నన్ను తీసుకుపోయి భూమి కిందికి దింపాడు! మెట్రో స్టేషన్. మెట్రోకా అని అతను అడిగినట్టున్నాడు, నేను అవునన్నాను. కింద ఆకాశం లేదు, నీడ లేదు. మనుషులు నీళ్లలా పారుతున్నారు. నిలబడితే తగులుతున్నారు, నడిస్తే ఎటో తెలియదు. పెదవులు కదులుతున్నాయి, మాట మాత్రం అందడం లేదు. అర్థం కాలేదు అనే ఒక్క మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. టీచర్‌ను. అర్థం కాలేదని చెప్పడం పిల్లల పని అనుకున్నదాన్ని.

అక్కడ ఒక గోడకు ఆనుకుని నిలబడ్డప్పుడు నాకు నువ్వు గుర్తొచ్చావు.

పోయిన దసరా తరువాత మన సంఘం సమావేశం. నీ పక్కనే కూర్చున్నాను. కల్వకుర్తి నుంచి వచ్చిన టీచరమ్మ నీ వైపు వంగి, "సార్ బాగున్నరా అజీజా మేడం?" అంది. మీ సార్ పోయి అప్పటికి చాలా కాలమైంది, ఆమెకు తెలియదు. నువ్వు నవ్వి తల ఊపి, "బాగున్నం, బాగున్నం" అన్నావు. నేను బిత్తరపోయాను. మాట పెంచడం ఇష్టం లేక అట్లా అన్నావేమో అనుకుని ఊరుకున్నాను.

ఆ గోడ దగ్గర తెలిసింది. అది నేను ఊపిన ఊపే. ఫోన్ ఎత్తకపోవడం, గుంపులోకి రాననడం, నీ కోసం ఎవరూ ఆగకూడదనడం, అన్నీ ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడ్డాయి.

చివరికి గేటు దగ్గర కూర్చున్న అమ్మాయి దగ్గరికి పోయి, "నాకు అర్థం కావడం లేదు, కాగితం మీద రాయండి" అన్నాను. ఆ మాట గొంతు దాటేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె రాసింది, నేను రాశాను. ట్యాక్సీ ఎక్కించి హోటల్‌కు పంపింది.

ఇంకో తమాషా విను. బస్సులో కమలాకర్ సార్ నా పేరు పిలిస్తే, నేను నర్సింగమ్మ దగ్గర ఉన్నాననుకుని బాలస్వామి సార్, ఆయన దగ్గర ఉన్నాననుకుని నర్సింగమ్మ, ఇద్దరూ ఒకేసారి "హాజర్" అన్నారట. నేను లేనని హోటల్ దగ్గర దిగేదాకా ఎవరికీ తెలియదు. నువ్వు నా జోడీగా ఉంటే పక్కకు చూసేదానివి.

ఒకసారే అడుగుతాననే మాట ఈ ఒక్కసారికి పక్కన పెడుతున్నాను. మళ్లీ అడుగుతున్నాను. నీకు వినబడడం లేదా?

భద్ర

●

ఆత్మకూర్,
24 జూలై 2024

భద్రా,

ముందు నీ పాఠం దిద్దనియ్యి. జూన్‌లో సూర్యుడు కర్కట రేఖ దగ్గర ఉంటాడు. సింగపూర్ భూమధ్యరేఖకు ఆనుకుని ఉంది. అక్కడ ఆ నెలలో మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరాన, నీడ దక్షిణాన. ఎనిమిదో తరగతికి నువ్వే చెప్పేదానివి. మన దగ్గర కూడా ఆ రోజుల్లో నీడ కొంచెం దక్షిణానికే జరుగుతుంది. కానీ నువ్వు గ్రౌండ్‌లో కట్టె పాతి నీడ పాఠం చెప్పింది ఎప్పుడూ చలికాలంలోనే. ఎండల్లో పిల్లలను ఎవరు నిలబెడతారు? అందుకే నీకు నీడ అంటే ఉత్తరమే. నువ్వు నల్గొండ డిసెంబర్‌ను సింగపూర్ జూన్‌కు మోసుకుపోయావు. చదివి ఎంత నవ్వానో!

నవ్వి, నీ ఆఖరి ప్రశ్న మళ్లీ చదివాను.

వినబడడం లేదు భద్రా. రెండేండ్లుగా తగ్గుతూ వస్తోంది. మొదట కుక్కర్ కూత పోయింది. తరువాత అజాన్ పోయింది. ఇప్పుడు కిటికీలోంచి చూస్తాను. పక్కింటి మెహమూద్ టోపీ పెట్టుకుని గడప దాటితే నమాజు వేళ అయిందని తెలుసుకుంటాను. ఎదుటివాళ్ల పెదవులు చూసి సగం, ఊహించి సగం నెట్టుకొస్తున్నాను. విమానం దగ్గర ఆఫీసర్ గాజు వెనక కూర్చుని ఏదో అడుగుతాడు, నేను తల ఊపుతాను, దేనికి ఊపానో నాకు తెలియదు. ఆ భయంతో నిద్ర పట్టేది కాదు. ఫైసల్‌కు తెలిస్తే "ఇగ చాలు అమ్మీ, ట్యూషన్ బంద్ చెయ్" అంటాడని ఇంకో భయం. ఆ పిల్లలు రాకపోతే నా సాయంత్రాలకు అర్థం లేదు.

అసలు కారణం అవి రెండూ కావు. ఉన్నది ఉన్నట్టు రాయమన్నావు కదా, రాస్తున్నాను. నువ్వు ఏదైనా ఒకసారే చెబుతావు. క్లాసులో పిల్లవాడు "ఏంది టీచర్?" అంటే నీ ముఖం ఎట్లా మారేదో పక్క గదిలోంచి చూసినదాన్ని. నాలుగు రోజులు పొద్దస్తమానం నీ పక్కన ఉండి, మాట మాటకూ "ఏంది భద్రా?" అనాలి. నీ ముఖం నా కోసం అట్లా మారడం చూడలేననుకున్నాను. చెవులు పోతే పోనీ, నిన్ను పోగొట్టుకోలేను. అందుకని మోకాళ్ల మీదికి నెట్టాను.

నీ ఉత్తరం వచ్చిన రోజే ఫైసల్‌కు చెప్పాను. అనుకున్నట్టే ట్యూషన్ బంద్ అన్నాడు. ఉజ్మా అడ్డం పడి, "పిల్లలకు ఎప్పుడో తెలుసు అబ్బా. దాదీ బోర్డు దిక్కు తిరిగితే సప్పుడు చెయ్యరు. ఇటు తిరిగినంకనే అడుగుతరు" అంది. నేను నోరు తెరుచుకుని చూశాను. నా తరగతిలో ఇంత బుద్ధిగా ఉన్నారేమిటని ఇన్నాళ్లు మురిసిపోతున్నది దీనికా! ఫైసల్ ట్యూషన్ మాట వదిలిపెట్టాడు. మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకుపోయాడు. చెవికి మిషన్ పెట్టారు.

అబ్బ, లోకం ఎంత గోల భద్రా! ఫ్యాన్ మూలుగుతుంది. చీపురు అరుస్తుంది. నా చెప్పులు నా వెంటే ఎవరో వస్తున్నట్టు చప్పుడు చేస్తాయి. మాటలు మాత్రం ఇంకా రేకుల మీద వానలా వినబడుతున్నాయి. అలవాటు కావడానికి సమయం పడుతుందట. కొన్ని ఎప్పటికీ అందకపోవచ్చట.

ఫోన్ ఇంకా ఎత్తలేదు. మోగితే వినబడుతోంది. ఎత్తడానికే గుండె చాలడం లేదు.

అజీజా

●

నల్గొండ,
1 ఆగస్టు 2024

ప్రియమైన అజీజాకు,

నీ ఉత్తరం చదివి ఇంట్లో ఒక చోట కూర్చోలేకపోయాను. నా ముఖం గురించి రాసిన వాక్యం దగ్గరికే తిరిగి తిరిగి వచ్చాను. అద్దంలో కూడా చూసుకున్నాను. పూజ "ఏమైంది అవ్వా, గట్ల చూస్కుంటున్నవ్?" అని అడిగింది. నాకు వినబడింది. అయినా "ఏందే?" అన్నాను. ఆ పిల్ల విసుక్కోకుండా మళ్లీ అడిగింది. అంత తేలిక పని అన్నమాట అది.

నువ్వు భయపడిన గాజు గది సంగతి. సింగపూర్‌లో దిగాక అక్కడ ఎవరూ ఒక్క మాట అడగలేదు. గేటు ముందు నిలబడితే మన ముఖం చూసుకుని అదే తెరుచుకుంది. హైదరాబాద్‌లో మాత్రం ఆఫీసర్ ఎక్కడికి పోతున్నారని అడిగాడు. ఆ ఒక్కదానికి నేను పక్కన ఉంటాను.

డిసెంబర్‌లో కమలాకర్ సార్ కౌలాలంపూర్ అంటున్నాడు. మన పేర్లు ఒక జోడీగా రాయించి వచ్చాను. "అజీజా మేడం ఈసారి పక్కానా?" అన్నాడు. "నీ ఈల ఆమెకు వినబడదు, నేను చెయ్యి పట్టుకుని చెప్త. నువ్వు మళ్ల మళ్ల పిలువుడు నేర్చుకో" అన్నాను. సంఘంలో అందరి ముందూ అన్నాను. ఇక అక్కడ నువ్వు ఎవరి దగ్గరా నవ్వి నెట్టుకురానక్కర లేదు. డిసెంబర్‌లో అక్కడ మధ్యాహ్నం నీడ ఉత్తరానికే పడుతుంది. పుస్తకం తీసి చూసుకున్నాను. అయినా దిక్కులు నువ్వే చూడు.

ఈ ఉత్తరం అందగానే ఉజ్మాతో పూజకు చెప్పించు. ఆ మరునాడు పొద్దున, నీ నడక అయ్యాక ఫోన్ చేస్తాను. నాకూ భయంగానే ఉంది. అయినా చేస్తాను, నువ్వు ఎత్తు. ముందు హాజరు తీసుకుంటాను. నీ పేరు పిలుస్తాను. వినబడితే "హాజర్" అను. వినబడకపోతే వినబడలేదని చెప్పు, మళ్లీ పిలుస్తాను. అప్పటికీ అందకపోతే మళ్లీ చెప్పు, మళ్లీ పిలుస్తాను.

తల మాత్రం ఊపకు.

నీ భద్ర